వానల నడిచిందెవరు వజ్రమ్మా?

వజ్రమ్మను మీరు కలవాల్సిందే! కలవకుంటే లాసు మీదే. అమీర్‌పేట నుంచి బల్కంపేట దిక్కు పోయే గల్లీల ఆడపిల్లల హైస్కూలు ఏడుందని ఎవరినడిగినా చెప్తరు. గేటు కాడ నడుముకు తాళాల గుత్తి దోపుకొని నిలబడి, "ఏందే, ఒక్క జడకే రిబ్బను కట్టినవ్, రెండోదాన్ని కోతి ఎత్కపోయిందా?" అని పిల్లలను ఆపుతున్నామె కనిపిస్తే ఆమెనే. ముప్పై ఆరేండ్లుంటయి. ఇల్లు బోరబండల. పదకొండేండ్ల సంది ఆ స్కూల్ల ఆయమ్మ.

వజ్రమ్మ చదివింది ఏడో తరగతే. కానీ పదో తరగతి పాఠాలు పదకొండు సార్లు ఇన్నది. ఎట్లంటరా? గంట కొట్టే స్టూలు సరిగ్గా టెన్త్ క్లాసు గోడకు ఆనుకొని ఉంటది. ఒక గంటకూ ఇంకో గంటకూ నడుమ ఆమె చేసే పని ఇనుడే. లెక్కలు ఇన్నది, సోషల్ ఇన్నది, జానకీదేవి టీచర్ చెప్పే ఇంగ్లీషు సుత ఇన్నది. అందుకే ఆమెది చెవి ఇంగ్లీషు. మాట వినపడితే పట్టేస్తది, అదే మాట అచ్చుల కనపడితే మాత్రం కొత్త చుట్టాన్ని చూసినట్టు చూస్తది.

ఇక అసలు ముచ్చట. స్కూల్ల రెండు బీరువాల లైబ్రరీ ఉన్నది. దుమ్ము దులుపుకుంట దులుపుకుంట వజ్రమ్మ అండ్ల ఉన్న తెలుగు పుస్తకాలన్నీ చదివేసింది. లైబ్రరీ అటెండర్ పోస్టు ఖాళీ అయినప్పుడు పోయి పెద్దమేడాన్ని అడిగింది. పెద్దమేడం మంచిదే. "టెన్త్ ఉంటే నీకే ఇస్త వజ్రమ్మా, లేకుంటే పైనోళ్లు ఒప్పుకోరు" అన్నది. సరే, ప్రైవేటుగా టెన్త్ రాస్తనని ఫారం తెచ్చుకున్నది. దాని మీద పెద్దమేడం సంతకం కావాలె. అప్పుడు పెట్టింది ఆమె మెలిక. "మన స్కూలు ఆయమ్మ ఫెయిలయ్యిందంటే నాకు నామోషీ. ముందు మన పిల్లలతోని కూసొని క్వార్టర్లీ రాయి. మిగిలిన సబ్జెక్టులు నువ్వు గట్టెక్కుతవ్, నాకు తెలుసు. ఇంగ్లీషుల ముప్పై అయిదు తెచ్చుకో, అప్పుడు సంతకం పెడ్త."

ఎనభై ఆరు, అక్టోబరు నెల. ఇంగ్లీషు పరీక్ష నాడు వజ్రమ్మ ఆఖరి బెంచీల కూసొని రాసింది. గంట కొట్టే టైము అయ్యేసరికి అలవాటు కొద్దీ తనే లేచి ఉరికి, గంట కొట్టొచ్చి మళ్ల కూసున్నది. అయిదు నిమిషాలు అట్లనే పోయినయి.

పరీక్ష అయిపోంగనే చింతచెట్టు కింద పిల్లలు గుంపు కట్టిండ్రు. అందరి మొకాలు వాడిపోయినయి. ప్యాసేజీ వచ్చింది కదా, అండ్ల మొదటి వాక్యమే అందరినీ కొట్టింది. "యాన్ ఓల్డ్ పార్సన్ వాక్డ్ టు ద స్కూల్ ఇన్ ద రెయిన్." ప్రశ్న ఏమో, "హూ వాక్డ్ ఇన్ ద రెయిన్?" రెండు మార్కులు.

"అది పర్సనే! ప్రింటింగ్ మిస్టేక్!" అన్నది వసుమతి. వాళ్ల నాన్నకు గుంటూరు నుంచి ట్రాన్స్‌ఫరయి ఈ ఏడే వచ్చిండ్రు. క్లాసు ఫస్టు. "నేను క్వశ్చన్ పేపర్లోనే కొట్టేసి పి, ఇ అని దిద్దాను. ఆన్సర్ పేపర్లో పర్సన్ అనే రాసి, పక్కనే 'ప్లీజ్ కరెక్ట్ ద మిస్టేక్' అని కూడా రాశాను."

"ఎవరికి రాసినవే, టీచర్‌కా? టీచర్ తప్పు టీచర్‌కే దిద్దినవా? గయా, పోయినయ్ మార్కులు!" అని నవ్వింది బతూల్. వాళ్ల అబ్బా గౌస్ మొహియుద్దీన్ స్కూటర్ మెకానిక్. "పి ఏ ఆర్ ఎస్ ఓ ఎన్. పర్సోం! సాఫ్ సాఫ్ రాసుంది కదా."

ఉర్దూల పర్సోం అంటే మొన్న. హైదరాబాదుల అయితే ఆ మాటకు అసలు లిమిటే లేదు. మొన్న జరిగినా పర్సోమే, పదేండ్ల కింద జరిగినా పర్సోమే.

"మరి నువ్వేం రాశావు?"

"డే బిఫోర్ ఎస్టర్‌డే వాక్డ్ ఇన్ ద రెయిన్."

గుంపు గుంపంతా ఇగ నవ్వుడే నవ్వుడు.

వజ్రమ్మ మాత్రం నవ్వలే. "నేను సుత పర్సోమే అనుకున్ననే బతూలూ" అన్నది మెల్లగ. "ఓల్డ్ పర్సోం అంటే ఎనకటి మొన్న. ఎనకట ఒకనాడు ఎవలో వానల బడికి పోయిండ్రు. ఎవలు పోయిండ్రో రాయలేదాయె. నాకేం తెలుస్తది? ఐ డు నాట్ నో అని రాసిన. ద లెసన్ ఈజ్ నాట్ టెల్లింగ్ ద నేమ్ అని సుత రాసిన."

గుత్తిల తాళంచెవి తీసి లైబ్రరీ బీరువా తెరిచిండ్రు. లావు డిక్షనరీని ముగ్గురు కలిసి బల్ల మీదకి దించిండ్రు. పార్సన్ అంటే చర్చి ఫాదరట. వసుమతికి కండ్లల్ల నీళ్లొచ్చినయి, వంద మీద రెండు పోయినా ఆమెకు ఇల్లు మునిగినట్టే. బతూల్ మాత్రం "పాదిరీనా? నేను ఆయన్ని క్యాలెండర్ చేసిన!" అని బల్ల మీద పడి నవ్వుతున్నది. తర్వాత వసుమతి ముక్కు తుడుచుకొని వజ్రమ్మ మార్కులు లెక్కగట్టింది. లెటరుకు ఇన్ని, గ్రామరుకు ఇన్ని, ఖాళీలకు ఇన్ని. రెండు సార్లు కూడింది.

"ముప్పై నాలుగు వస్తాయి ఆయమ్మా. ఆ ప్రశ్న వచ్చుంటే..." అని ఆగిపోయింది.

ఫారాలు పోయేది తెల్లారే. జానకీదేవి టీచర్ కాలు బెణికి పంజాగుట్టల ఇంటి కాడనే ఉన్నది. పేపర్ల కట్ట అక్కడికి మోసేది ఎవరనుకున్నరు? వజ్రమ్మే! తెల్ల దారంతోని కట్టిన కట్టను పెద్దమేడం ఎప్పటిలెక్కనే ఆమె చేతుల పెట్టింది. వజ్రమ్మ ఎత్తుకొని బయలుదేరింది. బతూల్, వసుమతి ఎంట పడ్డరు.

బస్సుల, ఆటోల మోతలకెల్లి ముగ్గురూ నడుస్తున్నరు. పంజాగుట్ట చౌరస్తా ఇంకా కొంచెం దూరం ఉందనంగ బతూల్ ఆగింది. "అక్కా, గీ అరుగు మీద జర కూసో. ముడి విప్పు. నీ పేపరు తియ్. ఒక్క మాటే కదా, 'ద పార్సన్'. వసుమతి తాన పెన్నుంది. ఎవరికి తెలుస్తది?"

వసుమతి పెన్ను తీసింది. ఇయ్యనూ లేదు, దాచనూ లేదు.

వజ్రమ్మ కూసున్నది. కట్టను ఒళ్ల పెట్టుకున్నది. నిజం చెప్పాలంటే ఆమె వేలు ముడి మీదికి పోయింది. లైబ్రరీల కిటికీ పక్కన కుర్చీ, బల్ల, పుస్తకాలు ఇచ్చే రిజిస్టరు అన్నీ కండ్ల ముందు తిరిగినయి. ఇంత లావు కట్టల ఒక్క మాట. లాగితే జారిపోయే ముడి.

చెయ్యి తీసేసింది.

"పదకొండేండ్ల సంది ఎందరి మార్కులో మోసిన. ఏనాడన్న విప్పి చూసిన్నా? ఇయ్యాల నా కాయితం ఉందని విప్పితే నేను ఆయమ్మనూ గాను, రేపు లైబ్రరీదాన్నీ గాను. లెవ్వుండ్రి. కానీ బతూలూ..."

"ఏందక్కా?"

"నోరు కట్టుకొమ్మని ఎవలు చెప్పలే గదా? టీచర్ తోని మాట్లాడుత."

టీచర్ కాలుకు కట్టు కట్టుకొని పీట మీద చాపుకొని కూసున్నది. సంగతంతా ఇని, "సరే, ముందు నీదే దిద్దుతా" అన్నది. వజ్రమ్మ గోడకు ఆనుకొని నిలబడ్డది. పిల్లలిద్దరూ గుమ్మంల. ఎర్ర పెన్ను పేజీలు దాటుకుంట పోతుంటే వజ్రమ్మ ఒక్కొక్క టిక్కును లెక్కబెడుతున్నది.

"ముప్పై నాలుగు" అన్నది టీచర్. "ఇంకొక్క ప్రశ్నే మిగిలింది." అది పైకి చదివింది. "ఐ డు నాట్ నో. ద లెసన్ ఈజ్ నాట్ టెల్లింగ్ ద నేమ్." చదివి నవ్వింది సూడుండ్రి, కళ్లద్దాలు జారి ఒళ్లో పడ్డయి. చాలాసేపటికి తేరుకొని, "ఇది సున్నానే కదా వజ్రమ్మా?" అన్నది.

"సున్నా ఎట్లయితది టీచరమ్మా?" వజ్రమ్మ గోడను వదిలి ముందుకొచ్చింది. "పేరు మీరు రాసిండ్రు, నాకు అర్థం కాలే. అది నా తప్పే, ఒప్పుకుంట. ఒక మార్కు కొట్టేయుండ్రి. కానీ మీరే క్లాసుల రోజూ అంటరు గదా, 'తెలియకపోతే దిక్కులు చూడొద్దు, ఐ డు నాట్ నో అని ఇంగ్లీషులో చెప్పండి, అదీ ఇంగ్లీషే' అని. పదకొండేండ్ల సంది గోడ అవతల ఇంటున్న. మీరు చెప్పిందే రాసిన. స్పెల్లింగ్ తప్పుంటే చూపెట్టుండ్రి."

టీచర్ చూసింది. ఒక్కటి లేదు.

"టీచర్, అట్లయితే నాక్కూడా!" అన్నది గుమ్మంల నుంచి బతూల్. "నేను సుత ఇంగ్లీషులనే రాసిన, ఖసమ్‌సే, ఒట్టు!"

"నువ్వాగే," అన్నది వజ్రమ్మ ఎనక్కి తిరగకుండనే. "మొన్న వానల నడుస్తదా? కాళ్లున్నయా దానికి?"

టీచర్ మళ్ల నవ్వుకుంట పెన్ను అందుకున్నది. నవ్వు ఆగినంక కూడా పెన్ను కాసేపు గాలిల్నే ఉన్నది. తర్వాత ఆ ప్రశ్న పక్కన ఒకటి వేసింది. కింద ముప్పై అయిదు రాసి దాని చుట్టూ గుండ్రంగ గీత గీసింది. బతూల్ కేక పంజాగుట్ట చౌరస్తా దాకా వినపడి ఉంటది! వసుమతి అయితే తన రెండు మార్కులు మర్చిపోయి వజ్రమ్మను పట్టుకొని గిరగిర తిప్పింది, తాళాల గుత్తి జారి కింద పడ్డా చూసుకోలేదు.

తెల్లారి పెద్దమేడం సంతకం పెట్టింది. కానీ స్టాఫ్ రూముల మాత్రం అప్పటి సంది రెండు పార్టీలు. లెక్కల టీచర్ స్వరాజ్యం అంటది, "జవాబు తెలియదన్నదానికి మార్కేంది? రేపు నా క్లాసుల అందరూ గదే రాస్తరు." తెలుగు టీచర్ అంటది, "అడిగింది ఇంగ్లీషు, రాసింది ఇంగ్లీషు, ఇంకేం కావాలె?" జానకీదేవి టీచర్ ఇద్దరి నడుమ చాయ్ తాగుకుంట కూసుంటది.

ఆ ఎర్ర పెన్ను మీ చేతుల ఉండి, వజ్రమ్మ మీ ముందల గట్ల నిలబడితే, మీరేం చేసెటోళ్లు?