బలం గోలీలు

మెట్‌పల్లి గంజ్‌లో పసుపు బస్తాలు తూచే కాంటా మీద ప్రమోదినిని నిలబెట్టారు. డాక్టరు దగ్గరున్న తూకం యంత్రంలో ముల్లు చివరికి పోయి ఆగిపోయింది మరి. బరువెంతో తేలందే బొంబాయిలో ఒళ్లు తగ్గే ఆపరేషన్ మాట ఎత్తరట. ఆ గంజ్‌లోనే భర్త సుదర్శన్‌రావుకు రైతుల పంట అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఉంది. హమాలీలు మొహాలు పక్కకు తిప్పుకున్నారు.

"సంచి బరువు తీసేసి చెప్పు, బుచ్చిరాములూ," అని నవ్వాడు సుదర్శన్‌రావు.

దొరే నవ్వాక ఇంకెవరికి భయం? గంజ్ గంజంతా నవ్వింది. కాంటా మీది నుంచి దిగడానికి కూడా ఆమెకు ఒకరి చెయ్యి కావలసి వచ్చింది.

అది 1986 ఎండాకాలం. ఆమెకు ఇరవై ఆరేళ్లు. కరీంనగర్‌లో బి.ఎస్సీ. చదివి, ఆడపిల్లల ప్రైవేటు బడిలో సైన్సు చెబుతున్నది. చిన్నప్పటి నుంచీ బొద్దుగానే ఉండేది. కూతురు నర్మద పుట్టాక ఒళ్లు ఆగలేదు. నవ్వులు ఆమెకు కొత్త కాదు. వాటి కోసం కడుపు కోయించుకునే మనిషీ కాదు. అసలు సంగతి వేరే.

ఆ ఏడు పసుపు సీజన్‌లో ఒకనాడు, నడక వచ్చీ రాని నర్మద గడప దాటి ఎడ్లబండ్ల మధ్యకు పోయింది. ప్రమోదిని అరుగు మీద నుంచి చూసింది. స్తంభం పట్టుకుని లేచేసరికి ఎడ్లు కదిలాయి. చక్రం కిందికి పోవలసిన పిల్లను హమాలీ బుచ్చిరాములు లాగేశాడు. అత్త దేవకి వచ్చి పిల్లను చంకన వేసుకుంది.

"కన్నవ్ గని కాపాడుకునుడు నీతోని కాదు. ఇగ పిల్ల నా దగ్గర్నే పండుకుంటది."

ఆ రోజు నుంచి ప్రమోదిని పక్కలో దిండే మిగిలింది. గోడ అవతల పాప దగ్గితే ఇవతల ఈమె లేచి కూర్చునేది. సన్నబడితే పాపను తిరిగి ఇస్తారా అని ఒకసారి అత్తను అడిగింది.

"ముందుగాల ఉరికి చూపెట్టు. అటెన్క చూద్దాం," అన్నది దేవకి.

బొంబాయిలో ఉద్యోగం చేసే మరిది లింగారావు తనకు తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. కడుపు పైభాగాన్ని పిన్నులతో బిగించి, నిమ్మకాయంత సంచి మిగిల్చారు. పంపించేటప్పుడు డాక్టరు గట్టిగా చెప్పాడు: విటమిన్ గోలీలు బతికినన్నాళ్లూ మానొద్దు, వాంతులు పట్టుకుని వదలకపోతే వెంటనే ఆస్పత్రికి పోయి సూదులు వేయించుకోవాలి. ప్రమోదినికి అది కొత్త పాఠం కాదు. బి-వన్ అందకపోతే నరాలు దెబ్బతింటాయని తొమ్మిదో తరగతికి ఏటా చెప్పేదే.

దసరా నాటికి జాకెట్లన్నీ కుట్లు విప్పి మళ్లీ కుట్టించుకోవలసి వచ్చింది. ఒకనాడు పొద్దున, పాలవాడి సైకిలు వెనక ఉరుకుతున్న నర్మదను, అత్త చూస్తుండగానే, వాకిలి దాటకముందే అందుకుని ఎత్తుకుంది. సాయంత్రానికి పిల్ల బొంత ప్రమోదిని మంచం మీదికి వచ్చింది. ఆమె బతుకులో బాగున్న రోజులు ఏవంటే అవే. నోట్లో వేలు పెట్టుకుని పాప తన వీపుకు ఆనుకుని పడుకున్న ఆ కొన్ని వారాలు.

తర్వాత బరువు తగ్గడం ఆగింది. కారణం దేవకి వెంటనే కనిపెట్టింది.

"గవి బలం గోలీలు. బలం గోలీలు మింగుకుంట సన్నగైతనంటే ఎట్లైతవ్? మల్ల ఊరితే పిల్ల మల్ల నా మంచంలకే."

ఆ గోలీలు ఒంటికి కొవ్వు పట్టించవని ప్రమోదినికి తెలుసు. బడిలోనైతే బల్ల గుద్ది చెప్పేది. కాని కాంటా గుర్తుకొచ్చింది, బండి చక్రం గుర్తుకొచ్చింది. సీసా తానే తెచ్చి అత్త చేతిలో పెట్టింది.

చలికాలంలో వాంతులు మొదలయ్యాయి. మంచినీళ్లు కూడా నిలిచేవి కావు. సూదుల మాట గుర్తున్నా, బరువు మళ్లీ తగ్గుతున్నదని ప్రమోదిని ఆస్పత్రికి పోలేదు. లోపలి కొవ్వంతా కక్కుతున్నదని దేవకి ఇరుగుపొరుగుకు సంతోషంగా చెప్పుకుంది. జగిత్యాలలో పెళ్లికి పోతే ఆడవాళ్లు ప్రమోదిని నడుము పట్టుకుని చూశారు. సుదర్శన్‌రావు మొదటిసారి భార్య పక్కన నిలబడి ఫొటో దిగాడు. ఇటు చూడమ్మా అని ఫొటోగ్రాఫరు అంటే ఆమెకు ఇద్దరు ఫొటోగ్రాఫర్లు కనబడ్డారు. ఎటు చూడాలో తెలియక, మధ్యలో చూసి నవ్వింది.

కాళ్లు ఎడం చేసి, నేలను వెతుక్కుంటున్నట్టు నడిచేది. సన్నబడ్డాక సోకు నడక నేర్చిందన్నది అత్త. బడిలో తొమ్మిదో తరగతికి విటమిన్ల పాఠం మొదలుపెట్టింది. మరునాడూ అదే మొదలుపెట్టింది. ఆ మరునాడూ అదే. చెప్పిందే చెబుతున్నదని పిల్లలు ఎవరికీ చెప్పలేదు. మొదట బెదిరారు, తర్వాత రుచి మరిగారు. టీచరు అనబోయే మాటను ఒక్క క్షణం ముందే అందరూ కలిసి అనేవాళ్లు. బి-వన్ లోపిస్తే ఏమొస్తుందని అడగకముందే "బెరిబెరి" అని క్లాసంతా అరిస్తే, ఎంత తెలివైన పిల్లలో అని ఆమె మురిసిపోయేది. హెడ్‌మాస్టరు కిటికీ దగ్గర నిలబడి విన్న రోజే ఉద్యోగం పోయింది. ఆ సంగతి ఇంటికి వచ్చే దారిలోనే మరిచిపోయి, మరునాడు మళ్లీ బడికి పోయింది. మూసిన గేటు దగ్గర నిలబడితే, లోపలి నుంచి పిల్లలు "బెరిబెరి, బెరిబెరి" అని పిలిచారు.

అయినా పాప ఇంకా ఆమె పక్కలోనే ఉంది. ఒక మధ్యాహ్నం పిల్లను ఎత్తుకుని బజారుకు పోయి, ఒట్టి చేతులతో తిరిగి వచ్చింది. పిల్ల ఏదని సుదర్శన్‌రావు అడిగితే తడుముకోకుండా చెప్పింది.

"లోపల పండుకున్నది. ఇప్పుడే పండబెట్టిన."

అది అబద్ధమాడే మొహం కాదు. జ్ఞాపకం లేని చోట మెదడు ఏదో ఒకటి తెచ్చి నింపుతున్నది, దాన్ని ఆమె నమ్ముతున్నది. గది చూశారు, మంచం చూశారు. బస్టాండులో ఒక బస్సు మెట్టు మీద కూర్చుని ఏడుస్తున్న నర్మదను సాయంత్రం బుచ్చిరాములే ఎత్తుకొచ్చాడు.

అప్పుడు తీసుకుపోయారు కరీంనగర్ డాక్టరు దగ్గరికి. ఆయన కళ్లు చూశాడు, నడిపించి చూశాడు, వాంతులు ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. కొత్త సంగతులు దాచుకునే చోటు విటమిన్ అందక మెదడులో చచ్చిపోయిందన్నాడు. వాంతులు మొదలైన వారంలో సూదులు పడి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదు. ఇప్పుడు వేసినా చూపు నిలవవచ్చు, నడక రావచ్చు. జ్ఞాపకం మాత్రం రాదన్నాడు.

దేవకి ముందుకు వంగింది. "గా సూదులేస్తే మల్ల లావైతదా సారూ?"

డాక్టరు సూదులు రాసిచ్చాడు.

నర్మద నాయనమ్మ మంచంలోకి పోయింది. అయిదేళ్లు నిండగానే కరీంనగర్ హాస్టల్‌కు పంపారు. పాప ఏదని ప్రమోదిని రోజూ అడిగేది. మొదట్లో నిజం చెప్పారు. చెప్పినప్పుడల్లా, అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకుని ఏడ్చేది. కాసేపటికి మరిచిపోయి మళ్లీ అడిగేది, మళ్లీ ఏడ్చేది. ఇంట్లో వాళ్లకు విసుగొచ్చింది. చివరికి సుదర్శన్‌రావుకు ఆమె మాటే అక్కరకొచ్చింది. లోపల పండుకున్నదన్నాడు. ఆమె అక్కడికక్కడే ఊరుకుంది, గొంతు కూడా తగ్గించింది. ఇక ఇంటిల్లిపాదీ అదే చెప్పారు. పనిమనిషి శంకరవ్వ అంట్లు తోముతూ, తల ఎత్తకుండా అదే చెప్పేది.

పెళ్లిళ్లకు మాత్రం తీసుకుపోయేవాళ్లు. పట్టుచీర కట్టి కూర్చోబెడితే కూర్చునేది. ఈ వయసులో ఆ నడుమేమిటమ్మా అని చుట్టాలు దేవకిని మెచ్చుకునేవాళ్లు.

1996 వేసవి సెలవులకు నర్మద ఇంటికి వచ్చింది. పదకొండేళ్లు, ఎత్తు తల్లిదే. ప్రతి సెలవుకూ వచ్చేదే, ప్రతిసారీ ఎవరి బిడ్డవమ్మా అని తల్లి అడిగేదే. ఈసారి ఎట్లాగైనా చెప్పి తీరాలని బస్సులో దారంతా అనుకుంటూ వచ్చింది. సంచి గడపలో పడేసింది.

"అమ్మా, నేనే నర్మదను. లోపల ఎవ్వలు లేరు," అని గట్టిగా అన్నది.

ప్రమోదిని అరుగు మీద నుంచి చటుక్కున లేచింది. ఇప్పుడు స్తంభం అక్కరలేదు. పరుగున వచ్చి ఆ పిల్ల నోటి మీద చెయ్యి పెట్టింది.

"జర మెల్లగ మాట్లాడు బిడ్డా. మా పాప పండుకున్నది. లేస్తే మా అత్తమ్మ ఎత్తుకపోతది."