వస్త అనడం మానేసిన రోజులు

నాకు ఇరవై ఆరేళ్లప్పుడు నిజం చెప్పే పిచ్చి పట్టింది. ఇప్పుడు పిచ్చి అంటున్నాను గాని, అప్పుడు భక్తి అనుకున్నాను. నిజాం ప్రభుత్వం పోయి ఆరేడేళ్లయి ఉంటుంది. తాండూరులో మా చర్చికి నెలకు రెండుసార్లు వచ్చే అయ్యగారు, ప్రభువు కొండ మీద చెప్పిన మాటల్లోంచి ఒకటి తీసుకుని ప్రసంగం చేశారు. ఒట్లు పెట్టుకోవద్దు, ఔనంటే ఔను, కాదంటే కాదు, అంతే చెప్పి ఊరుకోవాలి, దానికి మించినదంతా సైతాను దగ్గరి సరుకే అన్నారు. అందరూ విన్నారు, ఆమెన్ అన్నారు, చెప్పులు వేసుకుని ఇళ్లకు పోయారు. నేనొక్కణ్నే ఆ మాటను వెంటబెట్టుకుని వచ్చాను.

నాకు ఏదీ నిదానంగా చేయడం రాదు. అప్పుడు బండల గనిలో పని చేసేవాణ్ని. నాపరాయిని పొర మీద పొర లేపేటప్పుడు ఓపిక కావాలి, అది నా దగ్గర లేదు, సగం బండలు నా తొందరకే పగిలేవి. వాక్యంతోనూ అదే తొందర. మర్నాడే మొదలుపెట్టాను. ఎవరింటికి పోయినా "తిన్నవా" అని అడుగుతారు, తినకపోయినా "తిన్న" అనడం మన మర్యాద. నేను "తినలె" అన్నాను. ఆ ఇల్లాలు పాపం ఆర్పిన పొయ్యి మళ్లీ రాజేసింది. తోటి పనివాడు కొత్త అంగీ తొడుక్కొచ్చి ఎట్లుందంటే "మంచిగ లేదు" అన్నాను. నాలుగు రోజులు వాడు నాతో మాట్లాడలేదు. "ఇగో వస్తున్న" అని బయటివాళ్లకు కేకవేసి అరగంట ఇంట్లోనే కూర్చునే మా అమ్మను రోజూ నిలదీసేవాణ్ని.

"ఏంరా, దేవుడు నిన్ను జవానుగ పెట్టుకున్నడా?" అనేది ఆమె. "గంతమంది విన్నరు గా మాట. నీ ఒక్కని నెత్తికే ఎక్కెనా?"

నవ్వుతాలుగా చెబుతున్నాను గాని, ఇందులో నవ్వేది ఇంతవరకే. ఆ ఏడు నా భార్య వికారాబాదులో, గుట్ట మీది క్షయ దవాఖానలో ఉంది. మా పెళ్లయి మూడేళ్లు. దగ్గులో నెత్తురు కనబడిన వారంలోనే తీసుకుపోయి చేర్చాను. రోజూ సూది, మాత్రలు, పాలు. నెలల తరబడి విడవకుండా వేయించుకుంటేనే బతుకుతుంది, మధ్యలో మానితే రోగం తిరగబడుతుంది అని డాక్టరు కచ్చితంగా చెప్పాడు. ఆదివారం ఆరాధన కాగానే ప్యాసింజరు ఎక్కేవాణ్ని. నాలుగు నుంచి ఐదు దాకా రోగులను చూడనిచ్చేవారు. ఐదింటికి గంట కొట్టగానే లేచి "వస్త మరి" అనేవాణ్ని. "మంచిది, రా" అనేది ఆమె.

మనవైపు పోయేవాడెవడూ పోతున్నానని అనడు. చచ్చినవాణ్ని కూడా పోయిండనే అంటాం కదా. అందుకే గడప దాటే ప్రతివాడూ వస్తాననే దాటుతాడు. నా పిచ్చి రెండో వారానికి ఈ మాట మీద పడింది. పోతూ పోతూ వస్త అనడమేమిటి? పైగా ఆ శనివారమే గుత్తేదారు హుకుం వేశాడు, రేపు కాక పై ఆదివారం రైలు వ్యాగన్లు రావొచ్చు, బండలు నింపాలి, ఎవ్వరూ ఊరు దాటొద్దని. అవి వస్తాయో రావో ఆయనకే తెలియదు. ఇక నేను వస్తానని ఏ ధైర్యంతో అనాలి? బండిలో కూర్చున్నంతసేపూ ఇదే కొట్లాట నాలో. గుట్ట ఎక్కేసరికి తేల్చేసుకున్నాను.

గంట మోగింది. నేను లేచి, "పోతున్న" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "పోతున్నవా?"

"అవ్, పోతున్న."

"మల్ల ఎప్పుడొస్తవ్?"

"చెప్పలేను. వస్తనో, రానో."

వ్యాగన్ల సంగతి చెప్పొచ్చు కదా అని మీరు అడుగుతారు. చెప్పలేదు. ఔను, కాదు, అంతకు మించి వద్దన్నది కదా నా పట్టు. సిగ్గు విడిచి చెబుతున్నాను, గుట్ట దిగుతూ గర్వపడ్డాను కూడా. నా మీద నాకు ఇప్పటికీ అసహ్యం వేసేది ఆ గర్వానికే.

ఆదివారం వ్యాగన్లు రానే వచ్చాయి. పొద్దుగూకేదాకా బండలు మోశాము. నేను వికారాబాదు వెళ్లలేదు. బుధవారం గనికి నా పేర కార్డు వచ్చింది. వార్డు నర్సమ్మ రాసింది. వారం రోజులుగా మీ ఆవిడ సూది వేయించుకోవడం లేదు, పాలు ముట్టడం లేదు, మూట కట్టుకుని పుట్టింటికి పంపమంటోంది, మీరేమన్నారో గాని వెంటనే రండి అని.

గునపం అక్కడే పడేసి స్టేషనుకు నడిచాను. వెనక గుత్తేదారు అరుస్తూనే ఉన్నాడు. బండి గంట ఆలస్యం. ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు ఎన్నిసార్లు తిరిగానో. చాయ తీసుకుని తాగకుండానే పారబోశాను. వికారాబాదు పోవడానికి అయ్యగారు కూడా అదే బండికి వచ్చారు. నన్ను చూసి ఏమైందన్నారు. బండి కదిలాక అంతా చెప్పేశాను. చివరికి, "మీరు చెప్పిందే చేసిన అయ్యగారు" అని కూడా అన్నాను. నా కోపం ఎవరి మీద చూపాలో నాకు తెలియలేదు.

ఆయన కోప్పడలేదు. "నేను ఒట్లు పెట్టుకోకుండ్రి అని చెప్పిన. పెండ్లాన్ని పరేషాన్ చెయ్యిమని చెప్పిన్నా?"

"మాటంటే మాటే గద."

"మాట ఎవలకు చెప్తున్నవో ఆ మనిషిని జర చూడాలె గద. వస్త అని నువ్వంటే, ఆమెకు ఏమని వినపడ్తది? ఏ బండికి వస్తవనా? నన్ను విడువడు అనా?"

కిటికీ దగ్గర కూర్చున్నాను, లేచాను, తలుపు దగ్గర నిలబడ్డాను, మళ్లీ వచ్చాను. "జర కూసో, నువ్వు నిలబడితె బండి జల్ది ఉరుకదు" అన్నారాయన. కూర్చోలేకపోయాను.

నర్సమ్మ వేళ కాకపోయినా లోపలికి పంపింది. నా భార్య గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కాళ్ల దగ్గర మూట.

"ఎందుకొచ్చినవ్? పోయినవ్ గద" అన్నది, ఇటు తిరగకుండానే. తరువాత, "నీకు ఇంకో పిల్లను చూసిండ్రా?" అన్నది.

"ఏం పిల్ల? నీకెవలు చెప్పిన్రు?"

"నువ్వే చెప్పినవ్. గా పక్క మంచం అక్క పెనిమిటి సుత గట్లనే, వస్తనో రానో అనుకుంట పోయిండు. రెండేండ్లాయె. ఇంకో పెండ్లి చేసుకున్నడంట."

పక్క మంచంలో బషీరాబాద్ దిక్కు మనిషి ఒకామె ఉండేది. మా మాటలు వినబడనట్టు దుప్పటి సర్దుకుంది.

నేను ప్రసంగం సంగతి మొదలుపెట్టాను. కొండ మీది మాట, ఔను, కాదు, వ్యాగన్లు, అన్నీ చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది. నవ్వుతుందనుకున్నాను. కోపంగా లేచి కూర్చుంది.

"బండలు నింపేదుందంటె నాకు సమజ్ కాదా? గా ఒక్క మాట చెప్తె నీదేం పోయె? నీ వస్త పట్టుకుని ఐతారం కాడికెల్లి ఐతారం దాక బతుకుతున్న నేను. వట్టి సూదులతోని గీడ ఎవ్వలు బతుకుతలేరు." దగ్గు అడ్డం వచ్చింది. అది ఆగాక మెల్లగా అన్నది, "నీకు పరలోకం గావాలె. నాకు ఐతారం గావాలె."

నేను మంచం పట్టి పట్టుకుని ఏడ్చాను. వార్డంతా చూస్తున్నా ఆపుకోలేకపోయాను. వస్త అని అప్పుడు అనడం తేలికే, కానీ మళ్లీ వ్యాగన్లు వస్తే? ఆలోచించి, "ఐతారం వస్త. బండలు అక్కడ్నే ఉండనీ, నేనొస్త" అన్నాను. ఆమె రవిక చెయ్యి పైకి లాక్కుని, "నర్సమ్మా, సూది తెండి" అని పిలిచింది.

ఆ మాట నిలబెట్టుకున్నందుకు గని పని పోయింది. ఆదివారం సెలవిచ్చే పప్పు మిల్లులో హమాలీగా చేరాను. ఔను ఔనుగా ఉండాలంటే నోటితో అయ్యే పని కాదని, కాళ్లకు ఉన్న పని అని అప్పటికి తెలిసింది. వానలు వెనకబట్టేదాకా ఒక్క ఆదివారం తప్పలేదు. ఆమె కాస్త ఒళ్లు చేసింది, జడ వేసుకుంటోంది, నన్ను ఆటపట్టిస్తోంది. తరువాత ఒక గురువారం, ఒక్కసారిగా నెత్తురు కక్కుకుని ఆమె పోయింది.

సూదులు మానిన ఆ పది రోజుల వల్లేనా అని డాక్టరును అడిగాను. కాదన్నాడు, రెండో ఊపిరితిత్తి మొదటే పాడైందన్నాడు. నిజమే చెప్పాడో, నా మొహం చూసి అట్లా అన్నాడో. ఇప్పటికీ అది గుర్తుకొస్తే కూర్చున్నచోట కూర్చోలేను, లేచి వాకిట్లో తిరుగుతాను.

శుక్రవారం వికారాబాదులోనే మట్టి చేశాము. ఆదివారం ఆరాధన కాగానే నేను స్టేషను దారి పట్టాను. "ఏడికిరా, ఆడ ఎవలున్నరు ఇంక?" అని మా అమ్మ ఏడ్చింది. బట్టలు తెచ్చుకోవాలని చెప్పాను. నర్సమ్మ రెండు చీరలు, దువ్వెన, ఒక గిన్నె మూటగట్టి ఇచ్చింది. మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. దాని పక్కన స్టూలు మీద ఎంతసేపు కూర్చున్నానో. ఐదింటి గంట మోగితే మూట తీసుకుని లేచాను. గోడవైపు తిరిగి ఉన్న బషీరాబాద్ ఆమె ఇటు తిరిగింది.

"పోతున్నవా అన్నా?" అన్నది.

నిజానికి పోతున్నాను. మళ్లీ ఆ గుట్ట ఎక్కే పని నాకు లేదు, ఆమె నాకేమీ కాదు. గొంతు దాకా ఔననే మాటే వచ్చింది.

"లేదు చెల్లె, ఐతారం వస్త" అన్నాను.

ఆమె లేచి కూర్చుంది. "వచ్చేటప్పుడు రెండు సీతాఫలం పండ్లు తే" అన్నది.