రామకృష్ణయ్య మామ ఎనిమిది కుర్చీలు

నిలబడి ఉన్న మనిషి కంటబడితే రామకృష్ణయ్య మామకు తిన్నది అరిగేది కాదు. ప్రొద్దుటూరు బజారులో ఆయన బట్టల అంగడికి పెళ్ళి చీరలకు వచ్చినా, దారి అడగడానికి వచ్చినా మొదటి మాట ఒకటే: "ముందు కూర్చో." కరెంటు మీటరు చూసేవాణ్ణి కూర్చోబెట్టాడు. సంఘం చందా పుస్తకాలతో పోయిన మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఏదో దొంగతనం విచారణకు వచ్చిన కానిస్టేబుల్‌ను కూర్చోబెట్టి చెంబెడు మజ్జిగ ఇస్తే, ఆయన అక్కడే బాలీసు మీదికి ఒరిగి గుర్రు పెట్టాడు.

ఒకసారి జమ్మలమడుగు బస్సు కదిలే వేళకు ఒకావిడ రవికె గుడ్డ కోసం పరిగెత్తుకుంటూ వచ్చింది.

"బిరీన ఇయ్యప్పా, బస్సు పోతాంది."

"ముందు కూర్చోమ్మా. బస్సు మళ్ళా వస్తాది. మోకాళ్ళు మళ్ళా రావు."

ఆమె కూర్చుంది. బస్సు పోయింది. తర్వాతి బస్సు దాకా పొద్దుపోక రెండు చీరలు కొన్నది. తమాషా ఏమిటంటే, ఊరందరినీ కూర్చోబెట్టే ఆ మనిషి తాను మాత్రం పొద్దస్తమానం నిలబడే ఉండేవాడు.

ఎదురుగా నాలుగంతస్తుల ఏసీ బట్టల షోరూం లేచాక మామ అంగట్లో జనం కూర్చునే తెల్ల పరుపు ఖాళీగా కనబడసాగింది. కూతురు తనూజ గడువు పెట్టింది.

"వెబ్‌సైటు పెట్టి బయటూర్ల బేరాలు తెచ్చుకుందాం నాయనా. దసరా దాకా చూస్తా. అప్పటికీ రాకుంటే అంగడి మూసి అద్దెకిద్దాం."

ఆ పని నాకు అప్పగించారు. అప్పట్లో నాకొక చిన్న కంప్యూటరు సెంటరు ఉండేది. సాయంత్రమైతే కార్మిక సంఘం పనులు, కరపత్రాలు, ధర్నాలు.

"మొదటి పేజీలో ఏం పెడదాం మామా?" అన్నాను.

"పరుపు పెట్టు."

"పరుపులు అమ్ముతామా మనం?"

"కూర్చోనీకి శివా. తెల్ల పరుపు ఫోటో పెట్టి, 'ముందు కూర్చోండి' అని రాయి. చీరలు తర్వాత."

"జనం మూడు సెకండ్లు చూస్తారు మామా. నచ్చకపోతే పోతారు."

"మూడు సెకండ్లకు పోయేది కస్టమరు కాదప్పా, ఈగ."

పరుపే పెట్టాను. వారం తర్వాత లెక్క చూపించాను. ఇరవై ముగ్గురు వచ్చారు, ఇరవై ఒక్కరు వచ్చినట్టే పోయారు. మామ మొహం మాడిపోయింది.

"గడప దాకా వచ్చినోళ్ళు ఊరికే పోయినారా? నీళ్ళన్నా ఇచ్చినావా?"

"వెబ్‌సైటులో నీళ్ళెట్లిస్తారు మామా?"

"చదువుకున్నోడివి నువ్వు. నన్నడిగితే ఎట్ల?"

చివరికి 'నీళ్ళు తాగుతారా?' అని ఒక బటన్ పెట్టాను. నొక్కితే అంగడి ఫోను మోగుతుంది. మొదట నొక్కింది పులివెందుల సుబ్బలక్ష్మమ్మ, అదీ పొరపాటున. "నిలబడి మాట్లాడుతాండావా తల్లీ? ముందు కూర్చో" అని మామ మొదలుపెట్టాడు. నలభై నిమిషాలు మోకాళ్ళ నొప్పులకు ఏ నూనె మంచిదో మాట్లాడుకున్నారు. చీర ఊసే రాలేదు. నేను తల పట్టుకున్నాను. మరుసటి వారం ఆమె మనవరాలి పెళ్ళికని జీపునిండా ఆడవాళ్ళను తీసుకొని దిగింది. చెప్పకముందే అందరూ కూర్చున్నారు.

కానీ ఒక జీపుతో అంగడి నిలవదు కదా. చీరల ఫోటోలు మసకగా వస్తున్నాయి. అంగడి వెనక గదిలో పెద్ద కిటికీ ఉంది, మంచి వెలుతురు. ఫోటోలకు, పార్సిళ్ళు కట్టడానికి దానికి మించింది లేదు. అందులో ఉన్నవల్లా కొన్ని చీరల మూటలు, ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు.

"ఆ కుర్చీలు తీసేద్దాం మామా."

"వద్దు."

"ఎవరూ కూర్చోని కుర్చీలు ఎందుకు?"

"వాస్తు."

మర్నాడు అడిగితే, "కదిలిస్తే కాళ్ళిరుగుతాయి" అన్నాడు. ఆ మర్నాడు, "అవి కూడా రోంతసేపు కూర్చోనీలే, పాపం" అన్నాడు. కుర్చీలను కూడా కూర్చోబెట్టే మనిషితో ఏం వాదిస్తాం?

దసరా ఇంకా నెల ఉందనగా లెక్కలో ఒక అద్భుతం కనబడింది. రోజూ మధ్యాహ్నం రెండు దాటాక ఎనిమిది మంది వెబ్‌సైటుకు వస్తున్నారు. అరగంట ఉంటున్నారు. నేను తనూజ ముందు కాలరెగరేశాను.

"ఎనిమిది మందీ ఏం కొన్నారన్నా?" అంది తనూజ.

ఏమీ కొనలేదు. రోజూ అదే ఎనిమిది మంది, అదే వేళ, అదే ఊరు. ఎదురు షోరూం వాళ్ళు మన ధరలు కూపీ లాగుతున్నారని నాకు రూఢి అయింది. ఒకనాడు సరిగ్గా రెండుంబావుకు సందులోంచి వెనక తలుపు తోసుకొని పోయాను.

ఎనిమిది కుర్చీల్లో ఎనిమిది మంది అమ్మాయిలు. ఒంటి మీద షోరూం యూనిఫారం చీరలు. చెప్పులు వదిలేసి, వాచిన పాదాలు చీరల మూటల మీద చాపుకొని, ఒళ్ళో టిఫిను డబ్బాలు తెరిచారు. మామ నిలబడి మజ్జిగ పోస్తున్నాడు.

అంగడి వైఫై తగిలిన ఫోనులో ముందు మన వెబ్‌సైటే తెరుచుకునేట్టు పెట్టింది నేనే. నా అద్భుతం అదన్నమాట.

"పొద్దున తొమ్మిదికి నిలబడితే, ఈ అన్నం అరగంట తప్ప, మళ్ళా కూర్చునేది రాత్రి తొమ్మిదికే అన్నా" అంది యాస్మిన్ అనే అమ్మాయి. "బేరం లేకున్నా నిలబడాల్సిందే. ఆడ స్టూలు కూడా ఉండదు. కూర్చుంటే జీతం కోస్తారు."

"మామా, నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు షోరూం వాళ్ళకు నోటీసు రాస్తావు. వీళ్ళ పని పోతాది" అన్నాడు మామ.

అంగళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకు కుర్చీలు కావాలని అంతకు ముందు మేడే నాడు కరపత్రం రాసిందీ నేనే, మూడొందల సంతకాలు పెట్టించిందీ నేనే. ఊళ్ళో వాళ్ళకు దొరికిన ఎనిమిది కుర్చీలనూ పీకేయమన్నదీ నేనే.

"తనూజకు చెప్పొద్దప్పా" అన్నాడు మామ. "ఆ ఎనిమిదీ పోతే లెక్కలో ఏం మిగల్దు."

యాస్మిన్ అన్నం ముద్ద మింగి ఫోను నా ముందుకు తోసింది. "ఏమనుకోవద్దన్నా. రోజూ చూస్తాండాం. మీ సైటు శానా దరిద్రంగా ఉంది."

"ఏందమ్మా తప్పు?" అన్నాను.

"చీర మడతేసి ఫోటో తీస్తే ఎవురు కొంటారు? కొంగు చూపించాల. రవికె గుడ్డ ఉందా లేదా రాయాల. రంగు పోతాదా అని పదిమందిలో తొమ్మిదిమంది అడుగుతారు, అది యాడుంది? చీర వాపసు తీసుకుంటారో లేదో చెప్పకపోతే రెండోసారి ఎవురొస్తారు?"

నేను రాసుకోవడం మొదలుపెట్టాను, నిలబడే. "ముందు కూర్చో" అన్నాడు మామ. తొమ్మిదో కుర్చీ లేదు. చీరల మూట మీద కూర్చున్నాను.

కుర్చీలు గోడకు జరిపి ఆ కిటికీ వెలుతురులోనే ఫోటోలు తీశాం. చీర కింది నుంచి కొంగు దాకా కనబడింది. రంగు పోయే చీరకు పోతుందనే రాశాం. వారానికి రెండు పార్సిళ్ళు, తర్వాత రోజుకు రెండు. తనూజకు నిజం చెప్పక తప్పలేదు. విని, అప్పటికప్పుడు పోయి ఇంకో నాలుగు కుర్చీలు తెచ్చింది. దసరా వచ్చింది, అంగడి అద్దెకు పోలేదు. దీపావళికి యాస్మిన్ షోరూం మానేసి ఇక్కడ చేరింది. కూర్చునే పని.

ఇదంతా జరిగి చాన్నాళ్ళయింది. మామ ఇప్పుడు ఎక్కువగా ఇంటిపట్టునే ఉంటున్నాడు, చివరికి తానూ కూర్చొని. వెబ్‌సైటు మీద యాస్మిన్‌దే పెత్తనం. మొన్న నాకో పాడు బుద్ధి పుట్టి బస్టాండులోంచి ఫోను చేశాను.

"యాస్మిన్, ఆ పరుపు ఫోటో మరీ పాతబడిందమ్మా. తీసేసి కొత్తగా..."

"అన్నా" అంది అవతలి నుంచి, "నిలబడి మాట్లాడుతాండావా?"

చుట్టూ చూసి, ఖాళీ బెంచీ ఒకటి కనబడితే పోయి కూర్చున్నాను.