నారింజ పూతకు సెవిల్ వెళ్ళాం

మా ఆయనకు వాసన పోయిన ఏడాదే మేము స్పెయిన్ వెళ్ళాలనుకున్నాం. చలికాలంలో వచ్చిన జ్వరం తగ్గింది కానీ, ముక్కు మాత్రం మళ్ళీ మేలుకోలేదు. పాలు పొంగి మాడినా ఆయనకు తెలిసేది కాదు. ఎవరింటికో భోజనానికి వచ్చినట్టు మర్యాదగా తిని లేచేవారు. ఓపిక పట్టమన్నారు డాక్టరు.

ఆ రోజుల్లో, భూగోళానికి ఈ కింది కొసన మేముండే పాయింట్ కుక్‌లో ఎప్పుడు చూసినా ముసురే. ఎండ కావాలని ఆయనకు కోరిక పుట్టింది. స్పెయిన్‌కు దక్షిణాన ఉన్న అండలూసియా అయితే ఎండకు లోటుండదని, వచ్చే జూలైలో వెళ్దామని అన్నారు. ఇక్కడ చలి కోస్తుంటే అక్కడ నడివేసవి. యూనిలో చదివే మా అమ్మాయికీ అప్పుడే సెలవులు. తండ్రీ కూతుళ్ళు ఫోనులో తెల్ల గోడల ఊళ్ళూ, పొద్దుతిరుగుడు చేలూ చూసుకుంటూ కూర్చునేవారు.

నేను పనిచేసే లైబ్రరీలో, ఆ అండలూసియాలోని ఊరైన సెవిల్‌లో పుట్టి పెరిగిన ఒకావిడ ఉంది. జూలై మాట చెబితే నవ్వింది. ఆ నెలలో మధ్యాహ్నాలు వీధుల్లో పిల్లి కూడా కనబడదట. అందరూ తలుపులు మూసుకుని చీకటి గదుల్లో పడుకుంటారట. అక్టోబరు పరవాలేదంది. తననడిగితే మాత్రం మార్చి చివరేనట. వీధుల వెంట నారింజ చెట్లన్నీ ఒక్కసారే పూస్తాయని, ఊరంతా ఆ వాసనలో మునిగిపోతుందని చెబుతూ, పుస్తకాల బండి తోయడం మరిచిపోయింది. సాయంత్రం కారు నడుపుతున్నంతసేపూ నేను ఎన్నడూ చూడని ఏదో వీధిలో నడుస్తున్నట్టే ఉంది.

ఇంటికొచ్చి మార్చిలో వెళ్దామన్నాను. ఎండ మెత్తగా ఉంటుందన్నాను తప్ప పూల సంగతి ఎత్తలేదు. వాసన తెలియని మనిషిని వాసన కోసం అంత దూరం రమ్మని ఎలా అడగను? ఆయనే ఎక్కడో చదివి తెలుసుకున్నారు.

“పూల కోసమేగా మార్చి అన్నావ్?” అన్నారు. నేను తలూపాను.

“నాకు రాకపోతే ఏం, నీకొస్తుంది కదా. నువ్వు చెప్తుంటే వింటాను.”

అప్పటికి అమ్మాయికి క్లాసులు మొదలవుతాయి. తన గురించి ఆలోచించొద్దని, “యూ టూ జస్ట్ గో, మమ్మీ” అని మమ్మల్ని సాగనంపింది.

మేం వెళ్ళేసరికి సెవిల్‌లో సన్నటి జల్లు పడి ఆగింది. తడి రాళ్ళ మీద తెల్లటి రేకులు. మల్లెలా ఉందా అని అడిగారాయన. మల్లె కాదు, అంత బరువు లేదు. నిమ్మపూతకి కాస్త తేనె తగిలినట్టుందన్నాను. ఆ మాటా సరిపోలేదు. రోజూ సందుల్లో తిరిగేవాళ్ళం. ఆయన నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకునేవారు. వాసన చిక్కబడిన చోట నేను ఆగేదాన్ని. పల్చబడితే నడిచేవాళ్ళం. ఆ వాసన గోడ మలుపు దగ్గర ఒకలా, బావి ఉన్న ముంగిట్లో ఒకలా ఉండేది. ఒకే సంగతి గురించి మేమిద్దరం అంతసేపు మాట్లాడుకుని ఎన్నేళ్ళయిందో. ఎక్కడ ఉన్నామో, ఏ వేళయిందో కూడా కొన్నిసార్లు గుర్తుండేది కాదు.

ఒక మధ్యాహ్నం పెద్ద చర్చి పక్కన, అద్దె గుర్రబ్బళ్ళు ఆగే చోట, ఆయన చటుక్కున నిలబడిపోయారు.

“ఏదో కంపు కొడుతోంది” అన్నారు నెమ్మదిగా. నేను చుట్టూ చూశాను.

“లద్దె కదూ?” అన్నారు మళ్ళీ ఆయనే.

అవును, గుర్రపు లద్దె. ఆయన అక్కడే నిలబడి గుండెల నిండా పీల్చారు. మళ్ళీ పీల్చారు. నవ్వుతున్నారనుకున్నాను కానీ కళ్ళు తడిగా ఉన్నాయి. మేం బండెక్కడానికే ఆగామనుకుని బండాయన మెట్టు దించాడు. కాదనబుద్ధి కాక ఎక్కాం. గుర్రం నింపాదిగా నడిచింది. చెట్ల కింద నుంచి పోతుంటే రేకులు మా ఒళ్ళో రాలాయి. ఆయన మాత్రం గుర్రం వైపే ముందుకు వంగి కూర్చున్నారు.

పూల వాసన ఆయనకు అక్కడ అందనేలేదు. తిరిగొచ్చాక, ఆ చలికాలమంతా, ఒక్కొక్కటీ దానంతటదే వచ్చింది. ముందు కాఫీ, తర్వాత తడిసిన ఉన్ని స్వెటరు. కోసిన గడ్డి వాసన తెలిసిన రోజు ఆయన పక్కింటి కంచె దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఏం కావాలని పక్కింటాయన అడిగితే, ఏం లేదు, ఊరికే, అన్నారు.