తిరుపతమ్మ అడిగిన ప్రార్థన

సహోదరులారా, సహోదరీలారా, మీరందరూ నన్ను బైబిలు స్త్రీ సౌభాగ్యమ్మగా ఎరుగుదురు, కాని రెండేళ్లపాటు నేను దేవుణ్ణి నమ్మకుండానే మీకు దేవుని మాట చదివి వినిపించానని ఒప్పుకోవడానికి ఈ రోజు నిలబడ్డాను.

మా తాత గురజాల తాలూకాలో మొదట బాప్తిస్మం పొందినవారిలో ఒకడు, మా నాయన ఉపదేశి. యుద్ధం మొదలైన ఏడాది కలరా తగిలి నా భర్త ఒక్క పగటిలో కన్నుమూశాడు, ఆ పగలంతా నేను మోకాళ్ల మీదే ఉన్నాను, ఆయనను మట్టిచేసి వచ్చాక నా లోపల ఏదో ఆరిపోయింది. అయినా తెల్లచీర కట్టుకుని ఊరూరా తిరిగి పాటలు పాడాను, మేము మూడు తరాల క్రైస్తవులమని చెప్పుకున్నాను, అది చాలదా అనుకున్నాను!

అట్లా ఉండగా, మా వీధిలో ఉండే తిరుపతమ్మ, నాపరాళ్ల గనిలో కూలిచేసే హిందూ సహోదరి, ఒక మధ్యాహ్నం పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె కూతురు కోటమ్మకు పదకొండు రోజులుగా జ్వరం, ఏ మందుకూ తగ్గలేదు.

"వదినా, మీ దేవుడికి చెప్పు! నువ్వు చెబితే ఇంటాడు!"

వెళ్లి పిల్ల పడుకున్న చాప మీదే కూర్చున్నాను. పిల్ల పెదవులు పగిలి ఉన్నాయి. కంఠతా వచ్చిన ప్రార్థన మొదలుపెట్టి ఆపేశాను. ఆ తల్లి ముఖం చూసి అబద్ధమాడలేకపోయాను.

"నాకు నమ్మకం పోయింది తిరుపతమ్మా. మా ఆయన పోయినకాడి నుంచి ఒట్టి నోటితోనే పాడుతున్నా."

ఆమె నన్ను తేరిపార చూసింది. "ఏంది వదినా ఆ మాట! పోతే పోయిందని ఆయనకే చెప్పు. నాకు ఆయన పేరు తప్ప ఏం తెలవదు. చానా కష్టంగా ఉంది, చెప్పు వదినా!"

"ప్రభువా, నా దగ్గర ఏమీ లేదు. నీ మీద కోపం ఉంది. నన్ను చూడకు, ఈ తల్లిని చూడు." అంతే అన్నాను, రెండేళ్ల ఏడుపు ఒక్కసారిగా వచ్చింది.

మూడో రోజు జ్వరం దిగింది, కోటమ్మ గంజి అడిగింది. ఒక చెవి ఇప్పటికీ వినపడదు, ప్రాణం మాత్రం దక్కింది. దేవునికే మహిమ! అయితే సహోదరులారా, ఆ జ్వరం దిగకముందే, ఆ చాప మీదే, నా కోపాన్ని కూడా ఆయన విన్నాడని నాకు తెలిసింది, నేను విడుదల పొందాను.

తిరుపతమ్మ మనదా కాదా అని పెద్దలు అడుగుతున్నారు. ఆమెకు బాప్తిస్మం లేదు, బొట్టు తీయలేదు, ప్రతి ఆదివారం గుమ్మం బయటే కూర్చుంటుంది. బాప్తిస్మం, పాట, వంశం అన్నీ ఉన్న నేను ఆ రోజు ఒట్టి చేతులతో ఉన్నాను, ఏమీ లేని ఆమె నమ్మింది. ఎవరు ఆయనవారో తేల్చడం నా వల్ల కాదు.

మీలో ఒట్టి నోటితో పాడుతున్నవారు ఎవరైనా ఉంటే, సిగ్గుపడకండి, ఉన్నది ఉన్నట్టు ఆయనకు చెప్పండి, ఆయన వింటాడు.

తిరుపతమ్మా, ఎండలో ఎందుకు, లోపలికి రా.