మిఠాయి సాళ్ళు

మా చిన్నప్పుడు ఐరాల దగ్గర మా ఊళ్ళో విత్తనం కాయలు ఒలిచే రోజంటే మా ఇంటికి పది మంది ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. వరండా నిండా చెనక్కాయల గుట్ట... చుట్టూ వాళ్ళు, మధ్యలో చేట పట్టుకుని మా అవ్వ. ఒలిచిన గింజలన్నీ ఆమె చేటలోకి రావాల్సిందే. నిండుగా, పొట్టు చెదరకుండా ఉన్నవి గోనెసంచిలోకి. విరిగినవి, ముడుచుకుపోయినవి పక్కనున్న గంపలోకి.

సంచి భూమికి... గంప మాకు. అంతే.

సాయంత్రం ఆ గంపలోవి వేయించి, బెల్లం పాకం పట్టి అవ్వ మిఠాయి చేసేది. ఇప్పుడందరూ చిక్కీ అంటున్నారులెండి. ఒలవడానికి వచ్చినవాళ్ళకి తలా ఒక ముక్క ఇచ్చి పంపడం మా ఇంటి ఆనవాయితీ. అవ్వకి మాత్రం నోట్లో ఒక్క పన్ను లేదు. ముక్క బుగ్గన పెట్టుకుని, బెల్లం కరిగేదాకా చప్పరించి, మిగిలిన గింజలు నా చేతిలో పెట్టేది. నేను తినేసేదాన్ని. ఎంగిలీ గింగిలీ మాకు తెలియదు...

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, సరిగ్గా ఆ రోజులకి అవ్వకి జ్వరం వచ్చింది. ఆ ఏడు అమ్మే చేట పట్టింది. సాయంత్రం అమ్మ పాలు పితకడానికి పోతే, అవ్వ లేని లోటు తీరుద్దామని నేను పొయ్యి దగ్గర కూర్చున్నాను. నన్ను మించిన తెలివైనది ఊళ్ళో లేదని నా నమ్మకం. అవ్వ మిఠాయికి ఒక్కటే లోపం, అన్నీ చచ్చు గింజలే వేస్తుంది... మంచివి వేస్తే ఎంత బాగుంటుందో కదా అనుకున్నాను. గోనెసంచి మూతి విప్పి, గింజలు కొలిచే ఇనప పడి నిండా తీసుకుని వేయించేశాను.

పాకం అవ్వ పట్టినట్టే పట్టాను. ఒక చుక్క నీళ్ళ గిన్నెలో వేసి, గట్టిపడ్డాక తీసి గిన్నెకేసి కొడితే టంగుమంది. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

అందరూ బాగుందన్నారు. నాయన అప్పుడే చేను నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. నేను అవ్వ మంచం దగ్గరికి పోయి ఆమె నోటికి ఒక ముక్క అందించాను.

అవ్వ చప్పరిస్తూ చప్పరిస్తూ ఆగింది. నాలికతో ఏదో వెతికి, ఒక గింజని అరచేతిలోకి తీసుకుని చూసింది.

"ఇవి యాడివి పాపా? ఇంత లావు గింజలు గంపలో ఉండవే..."

చెప్పాను. గొప్పగానే చెప్పాను.

నాయన నమలడం ఆపేశాడు. పోయిన పంటలో ఏరి, చేనుకి సరిపోయేంత కొలిచి దాచిన కాయలవి. మాది వాన మీద పంట. వాన పడితే నేలలో పదును నాలుగు రోజులే ఉంటుంది. ఆ నాలుగు రోజుల్లో ఊరంతా ఒక్కసారే విత్తుతుంది. అప్పుడు ఎవరినడిగినా ఒక్క గింజ దొరకదు.

"ఏయించినాక మొలవవు గదమ్మా..." అన్నాడు నాయన. అంతే. అరిచి ఉంటే ఏడ్చి మర్చిపోయేదాన్ని. అమ్మ చేతిలో రెండు తగిలాయి, అవి నిజంగానే మర్చిపోయాను.

ఆ వారంలోనే వాన పడింది. ఇంకో నాలుగు సాళ్ళు ఉండగానే విత్తనం అయిపోయింది. నేను బడికి పోయే దారి మా చేను పక్క నుంచే. చేనంతా పచ్చగా మొలిచింది... గట్టు పక్కన ఆ నాలుగు సాళ్ళు మాత్రం ఉత్త ఎర్రమన్ను. అటు చూడకుండా తల వంచుకుని నడిచేదాన్ని. ఇంట్లో ఎవరూ ఆ మాటే ఎత్తలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది.

ఒక నెల తర్వాత నాయన నన్ను అక్కడికి తీసుకుపోయి, నా దోసిట్లో అనప గింజలు పోశాడు. చెనక్కాయకి అదను దాటిపోయినా అనపకి ఇంకా ఉంది.

"ఈ సాళ్ళల్లో నువ్వే ఏయి."

వేశాను. ఒక్క గింజ కూడా కింద పోకూడదని ఎంత జాగ్రత్త పడ్డానో...

చలికాలానికి విరగకాసింది. అమ్మ ఆ గింజలు నానబెట్టి, తొక్కలు పితికి తీసేసి పితికిపప్పు వండింది. నాయన మా అవ్వ పళ్ళెంలో గరిటెడు ఎక్కువే వేసి అన్నాడు.

"తిని సూడుమా, పాప మిఠాయి సాళ్ళల్లోవి. ఇవి మెత్తంగా ఉండాయిలే."

అవ్వ నవ్వింది. అందరూ నవ్వారు. నేను మాత్రం ఏడ్చాను.

ఆ తర్వాత ప్రతి ఏడూ ఆ నాలుగు సాళ్ళల్లో నాయన అనపే వేశాడు. చెనక్కాయ విత్తనం మిగిలిన ఏడు కూడా...

మొన్న తిరుపతిలో మా ఇంట్లో, మా అమ్మాయి ఫోన్‌లో ఏదో చూసి "మైక్రోవేవ్‌లో చిక్కీ పది నిమిషాలేనంటమ్మా" అంది. సరే అన్నాను. గాజు గిన్నెలో బెల్లం పొడి, ఒక చెంచా నెయ్యి... రెండు నిమిషాలు పెట్టి, కలిపి, మళ్ళీ ఒక నిమిషం. పాకం నురగ కట్టాక చిటికెడు వంటసోడా, వేయించిన గింజలు. నెయ్యి రాసిన పళ్ళెంలో పరిచేయడమే. అంత సులువు.

గింజలు వేయించే ముందు ప్యాకెట్ విప్పి పళ్ళెంలో పోశాను. కాసేపటికి మా అమ్మాయి నా చేతుల వైపు వింతగా చూసింది.

"బాగుండేటివన్నీ పక్కన పెడతా ఉండావేందిమా?"

అప్పుడు చూసుకున్నాను. నిండు గింజలు ఒక పక్క, విరిగినవి ఒక పక్క... నా చేతులే ఏరేస్తున్నాయి.

"అవి విత్తనానికి" అనేశాను. ఏ చేనుకని అది అడగలేదు. అవ్వ పోయి చాలా ఏళ్ళు. నాయన పోయి ఆరేళ్ళు. మా చేనులో ఇప్పుడు ప్లాట్లకని రాళ్ళు పాతారు. ఆ నాలుగు సాళ్ళు ఎక్కడుండేవో నేనే గుర్తుపట్టలేను.

రెండూ కలిపి వేయించి గిన్నెలో పోసేశాను.

చిక్కీ బాగా కుదిరింది. ఒక ముక్క బుగ్గన పెట్టుకుని, అవ్వలాగే చప్పరిస్తూ కూర్చున్నాను. బెల్లం కరిగిపోయాక నాలిక మీద గింజలు మిగిలాయి... ఎక్కువ లావు గింజలే.

మీ ఇళ్ళల్లో కూడా మంచివి భూమికని పక్కన పెట్టి, విరిగినవి తిన్న రోజులు ఉండే ఉంటాయి. గుర్తొస్తే ఇక్కడ రాయండి, చదువుకుంటాను. మా ఇంట్లో ఇప్పుడు మంచివన్నీ మేమే తినేస్తున్నాం... దాచిపెడదామంటే చేను లేదు.