వేడి చేసిందన్నారు

వేడి అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పాతబస్తీలోని మా శాలిబండ ఇంట్లో ఏ బాధకైనా అదొక్కటే జవాబు. కళ్ళు ఎర్రబడితే వేడి, నోరు పూస్తే వేడి, మూత్రం సరిగా రాకపోతే మరీ వేడి. మందూ సిద్ధమే: సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు.

రెండువేల ఏడు, ఎనిమిది ప్రాంతంలో నేను పరిశోధక విద్యార్థిని. నగరం అవతలి కొసన ఒక ల్యాబ్‌లో, చిన్న ప్లాస్టిక్ పళ్ళేల్లో ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలను పెంచేదాన్ని. ప్రోస్టేట్ అంటే మగవాళ్ళకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి. ఒంట్లో కొవ్వు ఊరికే కూర్చోదు, హార్మోన్లు వదులుతుంది. వాటిలో లెప్టిన్ అనేదాన్ని ఆ కణాలకు పోసి చూడటం నా పని. జన్యువుల నోరు నొక్కి అదుపులో పెట్టే బుల్లి ఆర్‌ఎన్‌ఏలు కొన్ని ఉంటాయి. లెప్టిన్ తగిలాక వాటిలో ఏవి తగ్గుతున్నాయి, కణాలు ఎందుకు రెచ్చిపోతున్నాయి అని వెతికేదాన్ని.

ఇంట్లో బాపు, మా నాన్న. బస్సు డిపోలో మెకానిక్. పంతొమ్మిదివందల తొంభైలలో సన్నగా ఉండే మనిషి, నేను ల్యాబ్‌లో చేరేనాటికి చొక్కా గుండీలు పట్టనంత పొట్ట పెంచాడు. గల్లీలో అందరికీ ముచ్చటే. సేఠ్ లెక్క అయినవన్నా అని ఛాయ్ హోటల్లో పొగిడితే, మురిసిపోయి ఇంకో రెండు సమోసాలు తెప్పించేవాడు. నేనేమన్నా అంటే అమ్మకు కోపం. తిన్న ఒంటికి దిష్టి పెడతావా అని నా మీదే లేచేది.

రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నాడని అమ్మకు తెలుసు. షుగరేమోనని పరీక్ష చేయించింది. లేదని తేలగానే సంతోషించి సబ్జా నానబెట్టింది. ఆ గ్లాసు రోజూ నా కళ్ళ ముందే ఉండేది. చదువుకున్న గాడిదను, చలికాలంలో సబ్జా ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

నడుము నొప్పితో మంచం పట్టాక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ప్రోస్టేట్‌లో పుట్టి ఎముకల్లోకి పాకిందని డాక్టరు చెప్పాడు. ఎన్నాళ్ళుగా ఇబ్బంది అని అడిగితే బాపు గోడకేసి చూస్తూ మూడేళ్ళన్నాడు. సరిగ్గా నేను ఆ పళ్ళేల ముందు కూర్చున్న మూడేళ్ళు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తాను పోయి కుడితిలో పడ్డదట. బాపు కొవ్వే రోగాన్ని రెచ్చగొట్టిందని నేను చెప్పలేను, మా సైన్సు అంతవరకు తేల్చలేదు. కానీ ముందే చూపించి ఉంటే ఎముకల దాకా పోయేది కాదేమో.

బాపును చక్రాల కుర్చీలో వరండాలోకి తెచ్చాక ఆగలేకపోయాను. జబ్బుమనిషని కూడా చూడకుండా అరిచాను. ఇంట్లో నేనుండగా నాకెందుకు చెప్పలేదని.

"ఆడపిల్లవు బిడ్డా. గా ముచ్చట నీకెట్ల చెప్త?" అన్నాడు.

మూడేళ్ళుగా నేను చదువుతున్నది ఈ రోగాన్నే, ఇదొక్కదాన్నే అని ఇంకా గట్టిగా అరిచాను. బాపు అప్పుడు నా వైపు తిరిగాడు. ముఖంలో కోపం లేదు.

"క్యాన్సర్ అన్నవు. గల్లీల అందరికీ అదే చెప్పుకున్న. ఏ క్యాన్సరో నువ్వు గూడ చెప్పకపోతివి గద బిడ్డా."

నిజమే. బాపు అడిగిన ప్రతిసారీ అన్ని రకాలూ అని మాట తప్పించాను. తండ్రి ముందు ఆ గ్రంథి పేరెత్తడానికి, అదెక్కడుంటుందో చెప్పడానికి నాకు సిగ్గేసింది.